పినపాక సెంటర్‌లోని నా ఫ్లెక్సీ దించుట గురించి

మాన్యులు బావగారికి, హైదరాబాదులో విమానాలు తనిఖీ చేసే మీ బావమరిది మనవి.

నేను క్షేమం. "విమానాన్ని కాపాడిన మన పినపాక బిడ్డ" అని మీరు కట్టించిన ఫ్లెక్సీ ఫొటో అందినది. ఫోనులో చెప్పడానికి ముఖం చెల్లక ఈ కార్డు రాస్తున్నాను.

దసరాకు బస్సులకు పెట్టినట్టే మేము విమానం చక్రాలకూ, వాటిని మోసే కాళ్లకూ కుంకుమ పెట్టాము. మర్నాడు పగుళ్ల తనిఖీ. నిబంధనల ప్రకారం ఆ కాలిని కడిగి, ఎర్ర రంగు పూసి, తుడిచి, తెల్ల పొడి చల్లాలి. పగులుంటే అందులో ఇంకిన రంగు పొడి మీద ఎర్ర గీతగా తేలుతుంది. తేలింది. కడగగా మిగిలిన కుంకుమేనని నిర్ధారించి, తుడిచేసి, సంతకానికి కలం తీశాను.

మా పై అధికారి ఫరహా మేడం నా చేయి ఆపారు. "కుంకుమైతే తుడిస్తే పోవాలె గదా! మళ్ల పొడి చల్లు. తనిఖీ చేస్తున్నవా, మొక్కుతున్నవా?"

చల్లాను. గీత మళ్లీ అక్కడే తేలింది. పగులే. ఆ సాయంత్రం ఆ విమానం నిండా జనంతో ఎగరవలసి ఉన్నది.

కంపెనీ వారు మా ఇద్దరినీ అభినందించి ఫొటో తీశారు. తమరు అందులో మేడంను కత్తిరించి నన్ను మాత్రమే ఉంచారు. కావున సదరు ఫ్లెక్సీని తక్షణం దించవలసిందిగా ప్రార్థన.

అక్క మోకాలిని మణుగూరు దవాఖానాలో చూపించారా? అక్కకు నమస్కారం, కోడలు దుర్గకు ఆశీస్సులు. పత్తి తీత మొదలైందా? వాన వచ్చేట్టుంటే కుప్ప మీద ఆ ఫ్లెక్సీనే కప్పండి. నా ముఖం కిందికి ఉండేటట్టు చూడగలరు.

ఇట్లు,
మీ బావమరిది