నీలం దారం కుట్టు

1వ తేదీ, ఉదయం 10:30
శుభారంభం! ముప్పై ఏళ్ళు హెడ్ కానిస్టేబుల్‌గా మనుషుల్ని లోపలేశాను. రిటైరయ్యాక ఒకణ్ణి బయట ఉంచే పని పడింది.

మత్తు బిళ్ళలతో దొరికినవాణ్ణి ఇప్పుడు లాకప్‌లో వెయ్యరట. పేటలోనే ఒక తోడుకి అప్పగిస్తారట. ముప్పై రోజులు ఇద్దరూ పదింటికల్లా మత్తు మాన్పించే కేంద్రానికి వెళ్ళి నర్సమ్మ ముందు సంతకం పెట్టాలి. మధ్యలో తప్పి బిళ్ళ వేసుకుంటే, మర్నాడు పదిలోపు తనంతట తానే ఆమెకి చెప్పుకోవాలి. చెప్పుకుంటే అరెస్టు లేదు. దాచి దొరికితే కేసు, ఆర్నెల్లు లోపల.

నా వంతుకి వచ్చినవాడు మా వీధి చివరి టైలరు. నడుంనొప్పికని మొదలుపెట్టి బిళ్ళలకి అలవాటు పడ్డాడు. నా యూనిఫాం కుట్టేది ఇతనే. అది వేసుకునే వెళ్ళి ఇతన్ని మూడుసార్లు పట్టుకున్నాను.

"మీకేం హెడ్డుగారూ, మానెయ్యమని ఎన్నైనా చెబుతారు" అన్నాడు.

రోషం వచ్చింది. నేనూ సిగరెట్లు మానేస్తున్నా, ముప్పై రోజులు, అన్నాను!

11:00
నా బూడిదరంగు ప్యాంటుకి లోపల దొంగజేబు ఉంది, సిగరెట్లకి. మా ఆవిడకి తెలియకుండా కుట్టించింది ఇతనితోనే. దాని మూతి అక్కడికక్కడే కుట్టించేశాను. నల్లదారం, ఒత్తు కుట్టు. తోడంటే ఇలా ఉండాలి!

2వ తేదీ
సంతకాలయ్యాయి. టైలరు చేతులు వణికి సూదిలో దారం ఎక్కలేదు. నేను ఎక్కించిచ్చాను. మనోబలం గురించి నలభై నిమిషాలు చెప్పాను. పాపం, విన్నాడు.
లాభాలు: దగ్గు తగ్గింది. ఆకలి పెరిగింది. వయసు పదేళ్ళు తగ్గింది.

4వ తేదీ
ఆకలి మరీ పెరిగింది. చెంచా కనబడలేదని మా ఆవిడ మీద అరిచాను.
"మీరు మానేసింది సిగరెట్లా, మర్యాదా?" అంది.

5వ తేదీ, సాయంత్రం 5:00
బ్లేడుతో రెండు కుట్లు విప్పాను. రెండే! జేబుకి గాలాడాలని.

5:40
ఒక్కటి తాగాను. కోరిక ఎంత బలమైనదో తోడుకి తెలియొద్దూ? అయినా రూలు టైలరుకి, నాకు కాదు.

7వ తేదీ
ఈరోజు నాలుగు తాగాను. జేబు మళ్ళీ నేనే కుట్టేశాను. మా ఆవిడ డబ్బాలో నల్లదారం లేదు, నీలం వేశాను. దూరానికి నలుపే.

8వ తేదీ
తిండి ఎక్కువై ప్యాంటు నడుం పట్టడం లేదు. వదులు చెయ్యమని టైలరుకిచ్చి హాయిగా ఇంటికొచ్చాను.
మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నాక గుర్తొచ్చింది. నీలం దారం!

9వ తేదీ
ప్యాంటు వచ్చింది. నడుం వదులైంది. నీలం కుట్టు ఉన్నదున్నట్టే ఉంది. టైలరు ఒక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండేది. ఈరోజు మనోబలం గురించి చెప్పలేదు.

11వ తేదీ, ఉదయం 6:15
డాబా మీద నీళ్ళ ట్యాంకు వెనక ఉన్నాను. చేతిలో సిగరెట్టు. మెట్ల మీద టైలరు గొంతు.

"హెడ్డుగారూ! వాసనొస్తోంది, ఇక్కడే ఉన్నారు. నిన్న నేనూ తప్పానండీ. రెండు బిళ్ళలు. పదిలోపు చెప్పెయ్యాలి, ఒక్కణ్ణే వెళ్ళలేను. రండి."

నేను కదల్లేదు. పొగ నోట్లోనే పట్టుకున్నాను. కాసేపుండి దిగి వెళ్ళిపోయాడు.

9:00
నోరు మూడుసార్లు కడిగాను. మా ఆవిడ తువ్వాలు అందిస్తూ, "ఆ జేబు సంగతి నాకు తెలియదనుకున్నారా? ఉతికేదెవరు? ముందు ఆయన కోసం వెళ్ళండి" అంది.

9:30
షాపు షట్టరు వేసి ఉంది. భయమేసింది. చెప్పకుండా పారిపోతే ఆర్నెల్లు. నా మూలంగా.

9:50
కేంద్రం బయట బెంచీ మీద ఉన్నాడు, కొలతల టేపు వేళ్ళకి చుట్టుకుంటూ, విప్పుకుంటూ. నన్ను చూసి లేచాడు. లోపలికెళ్ళి అంతా చెప్పేశాడు. నర్సమ్మ, "మంచిది. మళ్ళీ ఒకటో రోజు" అని రాసుకుంది. తర్వాత నా వైపు తిరిగింది.

"తోడుగా మీరేమైనా చెబుతారా?"

ఎంతమంది చేతో నిజం చెప్పించినవాణ్ణి! ఇప్పుడు నా వంతు.

"నేనూ తప్పానమ్మా. ఆరు రోజులుగా" అన్నాను.

ఆమె నవ్వలేదు. ఇంకో పేజీ తీసింది. మానెయ్యవలసినవారు: నేను. తోడు: టైలరు.

12వ తేదీ
ఒకటో రోజు! టైలరు నీలం దారం పీకేసి మిషను మీద రెండు వరసలు కుట్టాడు.

"దారం రంగైనా చూసుకోరా అండీ?" అని నవ్వాడు. "విప్పాలనిపిస్తే బ్లేడు పట్టుకోకండి. షాపుకి రండి, నేనే విప్పుతాను."

సాయంత్రం 6:00
బీరువాలో పాత కోటుంది. దానికీ దొంగజేబుంది. అందులో రెండు సిగరెట్లున్నాయి. టైలరుకి గుర్తుండే ఉంటుంది, కుట్టింది అతనే.
షాపు ఏడింటిదాకా తీసే ఉంటుంది. కోటు పట్టుకుని బయల్దేరుతున్నాను.