ఉమ్మడి గోడ, పది దండీలు

సూళ్లూరుపేట,
4-6-1962

మహారాజశ్రీ డ్రిల్లు మాస్టరు సంజీవరావు గారికి, బియ్యం కొట్టు జయరామయ్య నమస్కరించి రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం, నా నడుము తప్ప. వారపత్రికలో మీ వ్యాసం చదివాను. నాకు నలభై ఆరేళ్లు. అందులో ఇరవై ఏళ్లు గల్లాపెట్టె ముందు కూర్చునే గడిచాయి. పోయిన శుక్రవారం మద్రాసు పాసింజరు కోసం ఇరవై గజాలు పరుగెత్తి, ఎవరిదో ట్రంకుపెట్టె మీద కూలబడ్డాను. బండి పోయింది. ఆ పెట్టె తాలూకు మనిషి కూడా నా మూలంగా అదే బండి తప్పిపోయాడు.

ఇనప గుండ్లూ గదలూ అక్కర్లేదు, ఒంటి బరువుతోనే బలం వస్తుందని మీరు రాశారు. ఒంటి బరువుకు నా దగ్గర కొదవ లేదు. వాడుకునే పద్ధతి తెలపగలరు.

ఇట్లు,
జయరామయ్య

తా.క. ఈ సంగతి మా ఊళ్లో ఎవరికీ తెలియకూడదు. జవాబు కార్డు మీద వద్దు, కవరులో రాయండి. మా పోస్టుమాను బాగా చదువుకున్నవాడు.

నెల్లూరు,
8-6-1962

శ్రీ జయరామయ్య గారికి ఆశీస్సులు.

నేల మీద దండీలు మీకు ఇప్పుడే వద్దు. గోడకు చేతి పొడవు దూరంలో నిలబడి అరచేతులు ఆనించండి. మోచేతులు వంచి గోడ దగ్గరికి వెళ్లి, మళ్లీ వెనక్కి నెట్టుకోండి. ఇవి పది. తరువాత కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోండి. ఇవీ పది. వారానికి ఒక రోజు విడుపు. పది సులువయ్యాక రెండు పెంచండి. బలం కొద్దికొద్దిగానే వస్తుంది.

మీ శ్రేయోభిలాషి,
సంజీవరావు

తా.క. పదంటే పదే. మొదటిరోజే నూరు చేసిన శిష్యులు నాకు చాలామంది ఉన్నారు. వాళ్లెవరూ నాకు రెండో ఉత్తరం రాయలేదు.

సూళ్లూరుపేట,
13-6-1962

మాస్టారు గారికి జయరామయ్య నమస్కారాలు.

పది చేయడం నామర్దా అనిపించి మొన్న పెరటి గోడ దగ్గర నూరు చేశాను. నిన్నటి నుంచి చేతులు లేవడం లేదు. ఈ ఉత్తరం మా ఇంటావిడ వెంకటశేషమ్మ చేత రాయిస్తున్నాను. అన్నం కూడా ఆమే కలిపి పెడుతోంది.

అసలు చిక్కు వేరే ఉంది. అది మాకూ పక్కింటి టైలరు బడేసాహెబ్‌కూ ఉమ్మడిగా ఉన్న మట్టి గోడ. అవతల వసారాలో ఆయన కుట్టుమిషను ఉంటుంది. నేను నెడుతుంటే మట్టి రాలి మిషను మీద పడిందట. ఆయన గోడ మీదుగా తొంగిచూసి, "ఏందన్నా, గోడను అట్టా నెడతా ఉండావు?" అన్నాడు. ఈ వయసులో కసరత్తని చెప్పుకోలేక, "ఏం లేదు భాయీ, ఎంత నెడితే పడతాదో చూస్తా ఉండా" అనేశాను. ఆయన మిషను మీది మట్టి దులుపుకుని లోపలికి పోయాడు. పదిహేనేళ్ల స్నేహం మాది.

ఇట్లు,
జయరామయ్య

తా.క. ఇది నేను రాస్తున్నాను, వెంకటశేషమ్మ. ఆయన నూరని చెప్పమంటే నూరని రాశాను. కానీ పక్కనుండి లెక్కపెట్టింది నేను. అరవై రెండు.

నెల్లూరు,
18-6-1962

శ్రీ జయరామయ్య గారికి,

నొప్పి తగ్గేదాకా ఆగి, మళ్లీ పదితో మొదలుపెట్టండి. ఈలోగా బడేసాహెబ్ గారికి ఉన్నమాట చెప్పేయండి. కసరత్తు దొంగసరుకు కాదు.

మీ శ్రేయోభిలాషి,
సంజీవరావు

తా.క. వెంకటశేషమ్మ గారికి: అమ్మా, ఇకమీదట లెక్క మీదే. పది కాగానే ఆయనను కాఫీకి పిలవండి.

సూళ్లూరుపేట,
23-7-1962

మాస్టారు గారికి,

మీ ఉత్తరం చూసి ఉన్నమాట చెబుదామనే వెళ్లాను. బడేసాహెబ్ "నాకు పనుండాది" అని అటు తిరిగి కూర్చున్నాడు. నాకూ పౌరుషం వచ్చింది. అప్పటినుంచి మాటల్లేవు. నేను గోడ పడగొట్టి, ఆయన వైపు మూరెడు జరిపి కట్టుకోవాలని చూస్తున్నానని ఆయన పంచాయతీకి అర్జీ పెట్టాడు.

మొన్న పంచాయతీలో మీ ఉత్తరాలు చూపించక తప్పలేదు. ప్రెసిడెంటు వాటిని అందరి ముందూ చదివించాడు. జనం నవ్విన నవ్వు రైలుస్టేషను దాకా వినబడి ఉంటుంది. పోయిన పరువు ఎటూ పోయిందని నిజం చెప్పేశాను. మీ రెండో ఉత్తరం వచ్చాక నాలుగు రోజులు చేసి, ఐదోనాడు వాన పడితే మానేశాను. నెల రోజులుగా ఆ గోడను ముట్టుకోలేదు. ఈ మాట వినగానే బడేసాహెబ్ దయ్యాన్ని చూసినట్టు నన్ను చూసి, మీ చిరునామా రాసుకుని వెళ్లిపోయాడు. మీ మీద దావా వేస్తాడేమో, జాగ్రత్త.

మీ పద్ధతి వల్ల నా నడుము అంగుళమైనా తగ్గలేదని కూడా తెలియజేసుకుంటున్నాను.

ఇట్లు,
జయరామయ్య

తా.క. పంచాయతీలో ఉత్తరాలు చదివింది మా పోస్టుమాను. ఎక్కడా తడబడలేదు.

సూళ్లూరుపేట,
2-8-1962

సంజీవరావు మాస్టరు గారికి టైలరు బడేసాహెబ్ సలాం చేసి రాసుకునేది.

నేను మీకు పరాయివాణ్ణి. అయినా ఈ సంగతి మీకు చెప్పకపోతే తప్పవుతుంది.

జయరామయ్యన్న ఆ మాట అన్ననాటి నుంచి నాకు గుండెల్లో గుబులు. గోడ పడితే మిషను పోతుంది, మిషను పోతే నా బతుకు పోతుంది. పైగా గోడ అటునుంచి అదురుతూనే ఉండేది. అందుకని రోజూ పొద్దున్నే ఇటువైపు నుంచి అరచేతులు ఆనించి నెట్టేవాణ్ణి. మొదట్లో ఎనిమిదిసార్లకే ఆయాసం వచ్చేది. ఆగి, మర్నాడు మళ్లీ నెట్టేవాణ్ణి. శుక్రవారం నమాజుకు పోవాలి కనుక ఆ ఒక్కరోజు గోడను అల్లాకు వదిలేసేవాణ్ణి. నలభై రోజులు గడిచేసరికి ముప్ఫైసార్లు నెట్టినా అలుపు లేదు. మిషను ముందు వంగి వంగి పదేళ్లుగా పట్టేసిన కుడి భుజం ఇప్పుడు నెత్తి పైదాకా లేస్తోంది.

పంచాయతీలో మీ ఉత్తరం చదువుతుంటే, నేను చేసినదంతా అందులో ఉంది. ఆనక అన్న మానేసి నెలయిందన్నాడు. అయితే ఇన్నాళ్లూ అటునుంచి గోడను అదరగొట్టింది ఎవరు? ఇంటికి రాగానే తొంగిచూశాను. గోడ పక్కన వాళ్ల బర్రె కట్టేసి ఉంది. గోడకు ఒళ్లు రుద్దుకుంటోంది. నెల్లాళ్లుగా నేను దానితో బలం చూసుకున్నాను.

అర్జీ వెనక్కి తీసుకుని అన్న ఇంటికి పోయాను. "నిన్ను అనుమానించినాను, తప్పు నాదే" అన్నాను. ఆయన, "సిగ్గుపడి అబద్ధమాడింది నేను గదా భాయీ" అన్నాడు. ఇప్పుడు రోజూ పొద్దున్నే మా ఇంటికి వస్తున్నాడు. వీధివైపు ఇటుక గోడ దగ్గర పది చేయిస్తున్నాను. పదకొండోది చేయబోతే చేయి పట్టుకుంటున్నాను.

మీరు చూడని శిష్యుడు,
బడేసాహెబ్

తా.క. ఉమ్మడి గోడ నిజంగానే జానెడు వంగింది మాస్టారూ, వాళ్ల వైపుకు. అన్న ఇంకా గమనించలేదు. ఆయన పది నుంచి ముప్ఫైకి వచ్చాక చెబుతాను. అప్పుడైతే ఆయనే అటునుంచి నెట్టి సరిచేసుకోగలడు.