అక్క నాళంలో అడ్డం

తమ్ముడికి అక్క ఆశీస్సులు.

ఒరేయ్, ఒళ్ళు మండిపోతోంది! గుండె నీరసించిందనీ, నా పేస్‌మేకర్‌కి ఇంకో తీగ కలపాలనీ చెప్పి బల్ల మీద పడుకోబెట్టారు. కాసేపటికి ఆ డాక్టరు తీరిగ్గా, "దారి మూసుకుపోయిందమ్మా, ఇవాళ్టికి ఇంటికెళ్ళండి" అన్నాడు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. కుట్టు నేర్చుకునే పిల్లల ముందు కత్తెర పట్టుకుని రొప్పుతున్నాను. ఇంటికెళ్ళి ఏం చెయ్యను?

ఇట్లు,
మండిపోతున్న అక్క

తా.క. పొద్దున్నుంచి మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. మూసుకుపోయింది నా నోరు కాదుగా!


అక్కకి నమస్కారాలు.

ఏ దారి మూశారక్కా? నిన్ననే ఆ ఆస్పత్రి ముందు నుంచి బస్సు నడిపాను. చీమంత అడ్డం లేదు! పచ్చి అబద్ధం. ఆ డాక్టరు సంగతి నేను తేలుస్తాను.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క. బావగారేం చేస్తున్నారు, గోళ్ళు గిల్లుకుంటున్నారా?


తమ్ముడికి,

నీ బస్సు దారి కాదురా మొద్దూ! నా భుజం దగ్గర రక్తనాళం. పాత తీగల చుట్టూ పొర పేరుకుని పూడుకుపోయిందట. రంగుమందు ఎక్కించి ఫోటో తీస్తే బయటపడింది. రక్తం సందుగొందుల్లోంచి చుట్టూ తిరిగి పోతోందట, అందుకే ఇన్నాళ్ళూ నాకు తెలియలేదు. ఇప్పుడు బుడగ పెట్టి వెడల్పు చేస్తాడట. కుదరకపోతే పాత తీగ ఊడదీసి ఆ సందులో కొత్తది దూరుస్తాడట. అదీ కాకపోతే కుడివైపు నుంచి తీగని చర్మం కిందగా లాక్కొస్తాడట. నేనేమన్నా లంగానా, బొందు ఎక్కించడానికి!

ఇట్లు,
భయపడని అక్క

తా.క. సోమవారం చేరుతున్నాను. నువ్వు మాత్రం రాకు. నీ నోరు నాకు తెలుసు.


అక్కకి నమస్కారాలు.

బుడగతోనే నాళం తెరుచుకుందనీ, కొత్త తీగ కుదురుకుందనీ విని ప్రాణం లేచొచ్చింది. కోప్పడనంటే ఒకటి చెబుతాను. నువ్వు లోపల ఉండగానే నేనొచ్చాను. ఆపరేషన్ ముగించి డాక్టరు తన గదికి రాగానే, "చిన్నపిల్లల బుడగలు మా అక్క ఒంట్లోకా?" అని బల్ల గుద్దాను. మళ్ళీ గుద్దబోతే కళ్ళు చీకట్లు కమ్మాయి. తెలివొచ్చేసరికి ఆయన నా నాడి పట్టుకుని, "ఎన్నాళ్ళ నుంచి ఇలా తూలుతున్నారు?" అన్నాడు. బస్సు నిండా జనం గుర్తొచ్చి దాచకుండా చెప్పేశానక్కా. గుండె మరీ నెమ్మదిగా కొట్టుకుంటోందని నాకూ పేస్‌మేకర్ పెట్టేశారు. నీకు చెప్పొద్దని బావగారి చేత ఒట్టు వేయించాను.

ఇట్లు,
నీ కింది అంతస్తులోని తమ్ముడు

తా.క. మనిద్దరి మధ్యా మెట్లెక్కి దిగి బావగారు రొప్పుతున్నారు. ఆయన్నీ ఓసారి చూపిద్దామా?