అయస్కాంతం నేను పట్టుకెళ్తున్నా

తమ్ముడూ,

వంట పొయ్యి మీదే ఉంది, లేవగానే వేడి చేసుకుని తిను. ఫ్రిజ్ తలుపు మీది అయస్కాంతం కోసం వెతక్కు, నా సంచిలో ఉంది. ఆ తుప్పు పట్టిన పాత వ్యాన్‌ని ముందు నేను చూసొస్తా. నువ్వెళితే దాని గుండ్రటి లైట్లు చూసి కరిగిపోతావు, అమ్మేవాడు ఏం చెప్పినా తలూపుతావు. పోయినసారి అలా తెచ్చిన బైకు మీద ఇప్పటికీ బట్టలు ఆరేసుకుంటున్నాం.

రేకంతా అయస్కాంతం పెట్టి చూస్తా. అది అతుక్కోని చోటల్లా తుప్పు తినేసిన రేకుని పుట్టీతో కప్పి రంగేసినట్టేనని మెకానిక్ చెప్పాడు. అడుగు కూడా పుచ్చిపోయి ఉంటే వద్దనే చెప్పేస్తా, నువ్వెంత మూతి ముడుచుకున్నా సరే. నేనొచ్చేదాకా ఆ అమ్మేవాడికి ఫోన్ చెయ్యకు.

రాత్రంతా కంటి మీద కునుకు లేదురా. ఇటు తిరిగితే కొందామనిపించింది, అటు తిరిగితే ఈ తలనొప్పి మనకెందుకులే అనిపించింది. కానీ మీ ఫ్యాక్టరీ మూసేశాక నువ్వు నోరు విప్పి మాట్లాడింది ఈ వ్యాన్ గురించే.

– అక్క

అన్నట్టు, షెడ్డులోంచి నా కుట్టుమిషన్ పొద్దున్నే వరండాలోకి లాగేశాను. షెడ్డు ఊడ్చి ఉంచు.