ఎర్ర పట్టీ వేసిన ఆరు మామిడి చెట్ల గురించి

తిరుపతి పరిశోధన కేంద్రం సంచాలకుల వారికి, చిత్తూరు జిల్లా చింతమానుపల్లె మామిడి రైతు కుప్పయ్య వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: తమ శాస్త్రవేత్త డాక్టర్ రవిచంద్ర గారు నా తోటపై ప్రచురించిన పరిశోధన పేపరు అబద్ధమని తెలియజేయుట గురించి.

1. రెండేండ్ల క్రితం సదరు డాక్టరు గారు తేనెమంచు పురుగుకు కొత్త మందు పరీక్షించుటకు నా తోతాపురి తోటను ఎంచుకొనిరి. బాట పక్కనున్న ఆరు చెట్లకు ఎర్ర రంగు పట్టీ వేసి, తేడా చూచుటకై వాటికి మాత్రం మందు కొట్టరాదని ఆజ్ఞాపించిరి.

2. నేను కొట్టితిని. ఒప్పుకొనుచున్నాను. కళ్ల ముందర పూత నల్లబడుతుంటే, బాటన పోయేవాళ్లు "ఏమప్పా, ఆ ఆరు చెట్లు నీవి గాదా?" అని అడుగుతుంటే ప్రాణం ఒప్పలేదు. డ్రమ్ములో మిగిలిన ఆ మందే వాటికీ కొట్టాను. ఆ ఏడు అన్ని చెట్లూ ఒకే తీరుగా కాసినవి. మందు మహిమ అనుకున్నాను. కాయలన్నీ కలిపి ఒకే ట్రాక్టరులో గుజ్జు ఫ్యాక్టరీకి పోయినవి. చెట్టువారీగా లెక్కపెట్టుటకు తమ వారెవ్వరూ రాలేదు.

3. అయినను పేపరు వచ్చినది. నాకు సభలో శాలువా కప్పి, ఆ మందే వాడమని నా చేత ఊరికి చెప్పించిరి. ఈ ఏడు ఊరంతా అదే కొట్టింది. పురుగు చావలేదు, పూతంతా పోయింది. నా సొంత తమ్ముడు మునిచంద్ర "నీ మాట నమ్మి మునిగిపోయినామన్నా. ఇంక మా గడప తొక్కొద్దు" అన్నాడు. నాలుగు నెలలుగా తొక్కలేదు.

4. డాక్టరు గారిని అడుగగా, "పేపర్లో రుజువైండాది కుప్పయ్యా. అది ఇంగ్లీషు, సైన్సు. నీకు అర్థం కాదప్పా" అని సెలవిచ్చిరి. మా కోడలు కోమలి ఆ పేపరును ఫోనులోని ఏఐకి ఇచ్చి తెలుగులో చెప్పమన్నది. అడిగిందే పదిసార్లు అడిగినా అది విసుక్కోలేదు. తాను పొరబడవచ్చునని, అంకెలు అసలు పట్టికతో సరిచూసుకోమని కూడా చెప్పింది. బడి టీచరమ్మ లోకేశ్వరి గారు సరిచూశారు. మందు కొట్టిన చెట్టుకు నూటనలభై ఎనిమిది కాయలట. ఎర్ర పట్టీ చెట్టుకు అరవై ఒకటట. "ఎవురు లెక్కబెట్టినారు మామా?" అని కోమలి అడిగింది. నాకు ఒళ్లు మండిపోయింది.

కావున ఆ పేపరును రద్దు చేయించి, సదరు డాక్టరు గారిని మా బడి ముందర నిలబెట్టి, మా తమ్ముని ఎదుట మొదటి నుంచి చివరి దాకా తెలుగులో చదివించవలెనని ప్రార్థన. నా తప్పుకు నాకూ శిక్ష వేయండి, పడతాను. ఆయన తల దించుకోవడం మాత్రం నేను చూడాలి.

చిత్తగించి, జవాబు తెలుగులోనే దయచేయవలెను.

ఇంతవరకు తమ విధేయుడు,
కుప్పయ్య

తా.క.: డాక్టరు గారివి ఇంకా ఇరవై రెండు పేపర్లు ఉన్నాయి. కోమలి రోజుకొకటి తెలుగులో చెప్పిస్తున్నది. నిన్నటికి తొమ్మిది అయినాయి. ఏ తోట ఏ ఊరిలో ఉన్నదో అన్నింటిలోనూ రాసి ఉంది. మొదటి ఊరికి రేపు పొద్దున బస్సుకు పోతున్నాను.