మనుషులు లేని టేపు

జనవరి 6, 2003

ఆఫీసులో డైరీ ఇచ్చారు. ఎవరికి రాయాలో తెలియదు కాబట్టి ఎవరికీ రాయడం లేదు.

మాది న్యూస్ ఛానల్. కెమెరా వాళ్లు తెచ్చిన ప్రతి టేపూ, బయటి దేశాల నుంచి శాటిలైట్లో వచ్చి రికార్డయిన ప్రతి టేపూ చివరికి నా గదికే చేరుతుంది. నెంబరు వేసి, లోపల ఏముందో లేబుల్ మీద రాసి, ర్యాకులో పెడతాను. తొమ్మిదేళ్ల నుంచి ఇదే పని. ఏసీ గది కాబట్టి అందరూ నన్ను అదృష్టవంతురాలంటారు. అందులో ఎనిమిది గంటలు స్వెట్టర్ వేసుకుని కూర్చుంటే తెలుస్తుంది.

ఈ రోజు ఎడిటర్ గారు వచ్చారు. ఈ ఏడాది కొత్త టేపులు కొనరట. ఉన్నవాటి మీదే మళ్లీ రికార్డు చేసుకోవాలట. ఏవి చెరపాలో నన్నే తేల్చమన్నారు. చెప్పి, నా టీ కూడా ఆయనే తాగి వెళ్లిపోయారు.

జనవరి 9

చెరపడానికి ఒక పద్ధతి పెట్టుకున్నాను. మనుషులు లేని టేపులు ముందు. వానలు, రోడ్లు, బిల్డింగులు, ఎండిపోయిన చెరువులు. ఆ తర్వాత ప్రారంభోత్సవాలు. వాటిలో మనుషులుంటారు గానీ ఉన్నట్టు కాదు.

నేను సెలవు పెట్టినప్పుడు నా కుర్చీలో కూర్చునేది కెమెరాల స్టోరు గుమాస్తా. రిటైరవడానికి రెండేళ్లుంది. ప్రతి మాటకీ ముందు జాగ్రత్త అంటారు కాబట్టి ఆయన పేరు జాగ్రత్త గారు అయిపోయింది. ఆయనకీ ఈ పద్ధతే చెప్పాను. నోటుబుక్కులో రాసుకుని కింద గీత గీసుకున్నారు.

జనవరి 10

ముందు వీటిని చూడమని ఎడిటర్ గారే పంపిన లిస్టులో 1147 ఉంది. స్కూళ్లు తెరిచిన మొదటి రోజు, ముప్ఫై నిమిషాల టేపు.

అందులో మా పిల్ల ఉంది.

2000 జూన్. మా రిపోర్టర్ స్కూలు గేటు దగ్గర నిలబడి పిల్లల్ని మాట్లాడించాడు. నా కూతురని తెలియకుండానే దాన్నీ అడిగాడు. స్కూల్లో నీకేమిష్టం అంటే గంట అంది. ఏ గంట అంటే, ఇంటికెళ్లే గంట అంది. నవ్వింది. ముందు పళ్లు రెండూ లేవు. ముక్కు గోక్కుని, కెమెరా వైపు చూసి, అయిపోయిందా అని అడిగింది. అంతే. యాభై సెకన్లు. టీవీలో రానే లేదు. మంత్రిగారి ముక్క వేశారు.

మరుసటి ఏడాది అక్టోబర్లో మూడు రోజుల జ్వరానికి పోయింది. అప్పటికి దానికి తొమ్మిదేళ్లు.

ఫొటోలు పదకొండున్నాయి. గొంతు మాత్రం 1147లోనే ఉంది. మా ఆయనకి ఈ సంగతి చెప్పలేదు. పిల్ల పోయిన వారానికే దాని బ్యాగూ, బూట్లూ, గౌన్లూ అన్నీ ఎవరికో ఇచ్చేసి వచ్చారాయన. ఇంట్లో ఉంటే పిచ్చెక్కుతుందన్నారు. నన్నొక్క మాట అడగలేదు. అన్నీ ఆయన ఇచ్చేశారు కదా, ఇదొక్కటీ నాది అనుకున్నాను.

లిస్టులో 1147 కొట్టేశాను. దాని బదులు ఒక ఫ్లైఓవర్ పోయింది.

ఫిబ్రవరి 2

నిన్న అంతరిక్షం నుంచి తిరిగొస్తున్న షటిల్ ఆకాశంలోనే ముక్కలైంది. ఏడుగురు. ఇంకో పావుగంటలో దిగాల్సింది. ఆకాశంలో తెల్లటి గీత, అది మూడు గీతలవడం, అదే రోజంతా వేశారు. ఆరు టేపులు అడిగారు. ఆరు వానలిచ్చాను.

వాళ్ల ఇళ్లవాళ్లు రన్‌వే దగ్గరే నిలబడి ఉన్నారట.

మార్చి 17

కొత్త జబ్బు. ఊపిరితిత్తులకట. విమానాలెక్కి దేశాలు తిరుగుతోందట. ఎయిర్‌పోర్టుల్లో అందరూ మూతికి గుడ్డ కట్టుకున్నారు. మూడు టేపులు. చెరువులు అయిపోయాయి.

మార్చి 20, ఉదయం 10

యుద్ధం మొదలైంది. ఇరాక్ మీద బాంబులు. న్యూస్‌రూములో ఒక్కరూ కూర్చోవడం లేదు. నలభై టేపులు కావాలన్నారు ఎడిటర్ గారు. నలభై ఎక్కడ తేను, నా కొంగులో కట్టుకున్నానా అని అడిగాను. నవ్వలేదు.

అదే రోజు, సాయంత్రం 5

మనుషులు లేనివన్నీ అయిపోయాయి. ఇప్పుడు మనుషులున్నవి. రెండు వరదలు, ఒక రైలు ప్రమాదం, ఒక సమ్మె ఇచ్చాను. ముప్ఫై తొమ్మిది లెక్క తేలాయి. ఇంకొకటి కావాలి. ర్యాకులో చెరపదగ్గవి రెండే మిగిలాయి. ఒకటి 1147. రెండోది పోయిన సెప్టెంబర్లో పడవ మునిగి పద్నాలుగు మంది కాలేజీ పిల్లలు పోయిన టేపు. పడవ ఎక్కే ముందు ఆ పిల్లలు కేరింతలు కొడుతూ చేతులూపడం అందులో ఉంది. ఊరి ఉత్సాహం చూపిద్దామని వెళ్లిన మా కెమెరామన్ తీశాడు.

పడవ టేపు ఇచ్చాను.

తర్వాత 1147 పాత లేబుల్ గీకేసి, కొత్తది అంటించాను. టెస్ట్ బార్స్, ఇంజనీరింగ్ కోసం అని రాశాను. ప్రోగ్రాములు లేనప్పుడు టీవీలో వచ్చే రంగు చారలు. వాటిని చూడాలని ఎవరూ అడగరు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఏప్రిల్ 10

నిన్న ఇరాక్ రాజధానిలో వాళ్ల పాలకుడి పెద్ద విగ్రహాన్ని తాడు కట్టి లాగేశారు. ఆ ఒక్క ముక్కనీ రోజంతా తిప్పి తిప్పి వేశారు. పడటం, లేవడం, పడటం. నాకు కళ్లు తిరిగాయి.

జూన్ 12

స్కూళ్లు తెరిచారు. మా సందులో పొద్దున్నే కొత్త బూట్ల చప్పుడు. మా ఆయన కిటికీ వేసేశారు. నేను తీశాను. ఆయన మళ్లీ వేశారు.

ఆఫీసుకెళ్లి తలుపు గడియ పెట్టుకుని రంగు చారలు చూశాను.

ఆగస్టు 15

అమెరికాలో చాలా ఊళ్లకి కరెంటు పోయిందట. జనం వంతెనల మీద నడిచి ఇళ్లకి పోతున్నారు. టీవీలో కింద పరిగెత్తే స్క్రోల్ రాసే మా అబ్బాయొకడు వాళ్లకి కూడా పోతుందా అని సంబరపడ్డాడు. రెండు టేపులు. విగ్రహం టేపులే మళ్లీ ఇచ్చాను.

ఆగస్టు 24

యూరప్‌లో ఎండకి ముసలివాళ్లు వేలమంది పోయారు. పిల్లలు సెలవులకి వెళ్లారట. తిరిగొచ్చి తీసుకెళ్లేదాకా శవాలని కూరగాయల గోడౌన్ లాంటి చల్లటి గదిలో ఉంచారట. ఆ టేపు లేబుల్ మీద వేడి అని రాసి ఊరుకున్నాను.

ఇంటికొస్తే మా ఆయన చెయ్యి కడుక్కుంటూ కుళాయి దగ్గరే నిలబడిపోయి ఉన్నారు. ఆయనది కళ్లజోళ్ల షాపులో అద్దాలు అరగదీసే పని. గోళ్ల సందుల్లో గాజు పొడి ఉంటుంది, చాలాసేపు కడగాలి. కానీ నీళ్లు ఊరికే పోతున్నాయి. ఏమైందండీ అన్నాను. దాని గొంతు గుర్తురావడం లేదే అన్నారు. మొహం గుర్తుంది, నడక గుర్తుంది, నాన్నా అని పిలిచినట్టు తలుచుకుంటే నోరు కదులుతోంది గానీ మాట వినపడటం లేదే అన్నారు. కుళాయి పట్టుకుని భోరుమన్నారు.

చెప్పేయాలనుకున్నాను. నోటిదాకా వచ్చింది. మంచినీళ్లు తెచ్చిచ్చాను.

ఆగస్టు 25

ఎందుకు చెప్పలేదో నాకు తెలుసు. రాయను.

సెప్టెంబర్ 18

రిసెప్షన్ నుంచి ఫోన్. ఒక దర్జీ వచ్చాడట, వెళ్లనంటున్నాడట. పడవలో పోయిన పిల్లల్లో ఒకడి తండ్రి. ఏడాదయింది కదా, కొడుకుని ఒక్కసారి చూపించమన్నాడు. ఆ రోజు మీ వాళ్లు కెమెరా పెట్టారని మిగిలిన పిల్లలు చెప్పారట.

లేదు, చెరిపేశాం అనాలి. ఆ మాట అన్నాను కూడా. ఏం పెట్టారమ్మా దాని మీద అని అడిగాడు. యుద్ధం అన్నాను. అయితే అదే చూపించండి అన్నాడు. ఎందుకండీ అంటే, మా వాడి చోట ఏముందో చూసి పోతానన్నాడు.

బయటివాళ్లని గదిలోకి రానివ్వకూడదు. రానిచ్చాను. ఇరవై ఆరు నిమిషాలు ట్యాంకులు, పొగ, ఎర్రటి ఆకాశం. చేతులు ఒళ్లో పెట్టుకుని రెప్ప వెయ్యకుండా చూశాడు. నాకైతే మొక్కు తీర్చుకుంటున్నట్టు అనిపించింది. యుద్ధం అయిపోగానే ఆపబోయాను. ఆపేలోపే కింద మిగిలిన పాత రికార్డింగు వచ్చింది. కొత్తది ఎంతవరకు పోతే అంతవరకే చెరుగుతుంది, తోక మిగులుతుంది. నాకది తెలుసు, తట్టలేదు. పదకొండు సెకన్లు. ఒడ్డు, జనం, నీలం చొక్కాతో ఎవరిదో వీపు.

వాడే అనాలని కోరుకున్నాను. అతను మూడుసార్లు వేయించుకుని చూశాడు. ఈ చొక్కా నా కుట్టు కాదమ్మా అన్నాడు. దండం పెట్టి వెళ్లిపోయాడు.

సెప్టెంబర్ 19

రెండు టేపుల్లో ఒకటి. నేనే ఇచ్చాను.

డిసెంబర్ 15

పారిపోయిన ఇరాక్ పాలకుడు గోతిలో దొరికాడు. డాక్టరు లైటు వేసి అతని నోట్లో చూస్తున్నాడు. గడ్డం మాసిపోయి ఉంది. న్యూస్‌రూములో చప్పట్లు. నాలుగు చాలన్నారు, ఎనిమిది టేపులు పట్టుకుపోయారు.

డిసెంబర్ 22

నిర్ణయించుకున్నాను. టేపులు కాపీ చేసే డబ్బింగ్ రూమ్ ఇంజనీరుకి మొత్తం చెప్పేశాను. మామూలు క్యాసెట్ మీదకి కాపీ చేసి ఇమ్మన్నాను. తొమ్మిదేళ్లలో ఒక్క టేపు బయటికి పోనివ్వని మీరేనా మేడమ్ అన్నాడు. తల దించుకున్నాను. ఈ వారం మెషిన్లు ఖాళీ లేవట, శనివారం తెమ్మన్నాడు.

డిసెంబర్ 26, శుక్రవారం

సెలవు పెట్టాను. మా ఆయన్ని వెంటబెట్టుకెళ్లి వీసీఆర్ కొన్నాను, పాతదే. ఇప్పుడు మనకిదెందుకే, మనం చూసే సినిమాలేమున్నాయి అని సణిగారు. రేపు చెప్తానన్నాను. మోసుకొస్తూ దారిలో రెండుసార్లు ఆగి, ఆ రేపేదో ఇప్పుడే చెప్పకూడదా అన్నారు. చాలా రోజుల తర్వాత నవ్వాను.

సాయంత్రం వార్తలు పెడితే ఇరాన్‌లో భూకంపం. తెల్లారుజామున, అందరూ నిద్రలో ఉండగా. బామ్ అనే ఊరు. మట్టి ఇళ్లు. ఊరికి ఊరే నేలమట్టం.

టేపులు సరిపోయాయో లేదో అనుకున్నాను. అంతే అనుకున్నాను.

డిసెంబర్ 27

జాగ్రత్త గారు నాకోసం ఎదురుచూస్తున్నారు. నిన్న ఒక టేపు తక్కువైందట. ఎడిటర్ గారు తలుపు దగ్గర నిలబడి ఒంటికాలి మీద లేచారట. కంగారు పడలేదమ్మా, మీరు చెప్పినట్టే చేశాను అన్నారు. నోటుబుక్కు తెరిచి గీత గీసిన లైను చూపించారు. మనుషులున్న టేపు ఒక్కటి కూడా ముట్టుకోలేదట. రంగు చారలు ఇచ్చారట.

మెచ్చుకుంటానని నిలబడ్డారు. మంచి పని చేశారన్నాను.

డిసెంబర్ 28

వేసి చూడలేదు.

డిసెంబర్ 29

రికార్డింగు రిజిస్టరు చూశాను. భూకంపం ఇరవై రెండు నిమిషాల పది సెకన్లు. మా పిల్ల ఇరవై ఒకటిన్నర దగ్గర మొదలై ఇరవై రెండుంబావు దాటాక అయిపోతుంది. కాగితం మీద వేశాను, గోడ మీద వేశాను, వేళ్ల మీద వేశాను. ఎటు వేసినా గంట పోయింది. నవ్వు పోయింది. ఓ పది సెకన్లు మిగలాలి. మిగిలాయో లేదో మెషిన్‌కే తెలియాలి.

డిసెంబర్ 30

ఆయనకి చెప్పేశాను. టేపు సంగతి, లేబుల్ సంగతి, దర్జీ సంగతి, అన్నీ. అరుస్తారనుకున్నాను. అరవలేదు. ఎన్నిసార్లు చూశావే అని అడిగారు. లెక్కలేదన్నాను. ఆ రోజు నేను కుళాయి దగ్గర ఏడుస్తుంటే మంచినీళ్లిచ్చావు కదే అన్నారు.

అవునన్నాను. నువ్వు బూట్లు ఇచ్చేశావని పగబట్టానన్నాను. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన్ని నువ్వు అనడం అదే మొదటిసారి. ఇద్దరం గమనించాం. అన్నం తినకుండానే కూర్చున్నాం. వీసీఆర్ అట్టపెట్టెలోనే ఉంది.

డిసెంబర్ 31, మధ్యాహ్నం 3

ఆయన్ని గదికి తీసుకొచ్చాను. నా స్వెట్టర్ ఇస్తే భుజాల మీద వేసుకున్నారు. ముందుకి తిప్పనా అన్నాను. వద్దన్నారు. మొదటి నుంచి చూశాం. మట్టిని ఉత్త చేతుల్తో తవ్వుతున్న ఒకామెని చూసి, దొరికారా అని అడిగారు. తెలియదన్నాను. ఇరవై రెండు నిమిషాలు అయ్యాక మట్టి పోయి మా పిల్ల వచ్చింది. ముక్కు గోక్కుంది. అయిపోయిందా అని అడిగింది.

ఇంకా అవలేదమ్మా, అన్నారు ఆయన.