పోయిన దూడల పేజీలు

విస్కాన్సిన్, ఫిబ్రవరి 9

నాన్నా, నేను కులాసాయే, ఒట్టి అలసట. కంప్యూటరుతో జీవశాస్త్రం చేసే కోర్సు ఇక్కడ లేదు. ప్రొఫెసరు సంతకం పెడితే విడిగా చదువుకోవచ్చు. ప్రతిపాదన మూడోసారి రాసిచ్చినా ప్రొఫెసర్ లిండ్‌క్విస్ట్ సంతకం పెట్టలేదు.

"ఏ ప్రోగ్రాములు వాడతావో రెండు పేజీలు రాశావు. ఏం తెలుసుకోవాలనో ఒక్క ముక్కయినా రాశావా తల్లీ?" అందావిడ.

విసుగెత్తి, "మా దూడలు పుట్టగానే ఎందుకు చచ్చిపోతున్నాయో తెలుసుకోవాలి" అనేశాను.

"అదే రాసుకురా, సంతకం పెడతా."

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? చీజు అయిపోయింది, పంపమను. తనకి నా ముద్దులు. కొట్టంలో మేకుకు వేలాడే, ఆవుల ఈతలు రాసుకునే పుస్తకం వెంటనే పంపు. పోయిన దూడల పేజీలు చింపి సొరుగులో దాస్తావని నాకు తెలుసు. నాకు ముఖ్యంగా కావలసినవి అవే. తెరిచి చూడకు నాన్నా, అలాగే కవరులో పెట్టెయ్.

నీ సోల్వైగ్